ఇంగ్లీషు వార్తల్లో పాస్ట్ పార్టిసిపుల్: తెలుగు విలేకరులు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో తెలుగు వార్తలు రాసేవారి చేతికి చాలా సమాచారం ఇంగ్లీషులోనే అందుతుంది. పోలీసుల ప్రెస్‌నోట్, కోర్టు ఉత్తర్వు, ఏజెన్సీ కాపీ (వార్తాసంస్థ పంపే కథనం), చెన్నై నుంచో బెంగళూరు నుంచో వచ్చే పత్రిక, అన్నీ ఆ భాషలోనే ఉంటాయి. వాటిలో అడుగడుగునా తగిలే క్రియారూపం పాస్ట్ పార్టిసిపుల్. దాన్ని సరిగా చదవకపోతే పట్టుబడినవాడు పట్టుకున్నవాడైపోతాడు, అనుమానితుడు దోషి అయిపోతాడు. మండల విలేకరులు, డెస్కులో కొత్తగా చేరినవారు, ఇంగ్లీషు పత్రిక చదవడం అలవాటు చేసుకుంటున్న డిగ్రీ విద్యార్థులు అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను.

పాస్ట్ పార్టిసిపుల్ అంటే బడిలో చెప్పిన వీ-త్రీయేనా?

అదే. వీ-వన్, వీ-టూ, వీ-త్రీ అని వల్లె వేయించిన పట్టికలో మూడో గడి. టేక్, టుక్, టేకెన్ అన్నప్పుడు చివరిది. వార్తలో అది మూడు పనులు చేస్తుంది. ‘హ్యాజ్’, ‘హ్యాడ్’ పక్కన చేరి పని పూర్తయిందని చెబుతుంది. ‘వాజ్’, ‘వర్’ పక్కన చేరి పని ఎవరి మీద జరిగిందో చెబుతుంది. నామవాచకం పక్కన చేరి దానికి విశేషణమవుతుంది. ‘స్టోలెన్ ఐడల్’ అంటే దొంగలు ఎత్తుకుపోయిన విగ్రహం. మొదటి పనితో పెద్దగా ఇబ్బంది రాదు. పొరపాట్లన్నీ మిగిలిన రెండింటి దగ్గరే జరుగుతాయి.

‘టూ హెల్డ్’ అనే శీర్షికలో ‘వర్’ ఎందుకు లేదు?

శీర్షికలో చోటు తక్కువ. అర్థం చెడకుండా తీసేయగల మాటలన్నీ ఇంగ్లీషు సబ్ ఎడిటర్ తీసేస్తాడు. ‘ఏ’, ‘ది’ మొదట పోతాయి, ‘ఈజ్’, ‘ఆర్’, ‘వాజ్’, ‘వర్’ తర్వాత పోతాయి. సహాయక క్రియ పోయాక పార్టిసిపుల్ ఒంటరిగా నిలబడుతుంది. చదివేవారు పోయిన మాటను మనసులో పూరించుకోవాలి. ‘టూ హెల్డ్’ అంటే ‘ఇద్దరిని పట్టుకున్నారు’ లేదా ‘ఇద్దరు పట్టుబడ్డారు’.

ఈ ‘హెల్డ్’ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఉత్సవం ‘హెల్డ్’ అంటే జరిగింది. హైకోర్టు ఫలానా విధంగా ‘హెల్డ్’ అంటే తీర్పులో తేల్చి చెప్పింది, అక్కడ అది వీ-టూ. మనిషి పక్కన వస్తేనే పట్టుకున్నారన్న అర్థం.

అది మామూలు భూతకాలమే అనుకుని చదివితే నష్టమేమిటి?

అర్థం తలకిందులవుతుంది. ఇంగ్లీషు శీర్షికలు నిన్న జరిగిన సంఘటనను వర్తమాన కాలంలో చెబుతాయి. లారీ బస్సును ఢీకొంటే ‘హిట్స్’ అని, గోడ కూలితే ‘కొలాప్సెస్’ అని రాస్తారు. భూతకాలపు పనికి వర్తమాన రూపం వాడేస్తున్నారు కాబట్టి, శీర్షికలో ‘ఈడీ’తో ముగిసే రూపం కనిపిస్తే అది దాదాపు ఎప్పుడూ పాస్ట్ పార్టిసిపులే. పని చేసినవాడిని కాకుండా, పని ఎవరి మీద జరిగిందో వారిని చూపిస్తుంది. ‘కాప్ అటాక్డ్’ అంటే పోలీసు మీద దాడి జరిగింది. ‘కాప్ అటాక్స్’ అంటే పోలీసే దాడి చేశాడు. చివరి అక్షరాల తేడాతో నేరం ఒకరి నుంచి ఇంకొకరికి మారిపోతుంది.

ఇంగ్లీషు శీర్షికలు చదివేవారికి నేను చెప్పగలిగిన సూత్రాల్లో అన్నింటికన్నా పనికొచ్చేది ఇదే.

శీర్షిక దాటి వార్తలోకి వచ్చాక సూత్రం మారుతుంది. అక్కడ వీ-టూ, వీ-త్రీ రెండూ పక్కపక్కనే ఉంటాయి. శ్రీకాళహస్తి రాజగోపురం సంగతే తీసుకోండి. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన ఆ గోపురం 2010 మే 26న కూలింది. ఇంగ్లీషులో రాస్తే ‘బిల్ట్’ పార్టిసిపుల్, ‘కొలాప్స్డ్’ మామూలు భూతకాలం. ‘బిల్ట్’ గోపురానికి విశేషణం, ‘కొలాప్స్డ్’ వాక్యానికి అసలు క్రియ. వాక్యంలో అసలు క్రియ ఏదో ముందు పట్టుకుంటే మిగిలినవి ఎవరికి విశేషణాలో తేలుతుంది. తెలుగులో ‘కట్టిన’ అనకుండా ‘కట్టించిన’ అనడం కూడా గమనించండి. రాజు కట్టించాడు, శిల్పులు కట్టారు. ఇంగ్లీషు ‘బిల్ట్ బై’ ఆ తేడా చెప్పదు. మన భాషలో ఉన్న ఈ సౌకర్యాన్ని అనువాదంలో పోగొట్టుకోకూడదు.

హిట్, కట్, షట్, హర్ట్ వంటివి మూడు గడుల్లోనూ ఒకేలా ఉంటాయి కదా, వాటిని ఎలా గుర్తించాలి?

శీర్షికలో ‘ఎస్’ చేరిందా లేదా అని చూడండి. ఏకవచన కర్త ఉండి ‘హిట్స్’ అని ఉంటే కర్త పని చేసింది. ‘హిట్’ అని మాత్రమే ఉండి, తర్వాత కర్మ లేకపోతే అది పార్టిసిపుల్. బహువచనం వస్తే ఈ గుర్తు పనిచేయదు, అప్పుడు వార్త మొదటి వాక్యం చదవక తప్పదు. ‘మ్యాంగో ఫార్మర్స్ హిట్’ అని ఉంటే తోతాపురి రైతులు ఎవరినీ కొట్టలేదు, వారికే దెబ్బ తగిలింది. తెలుగులో ‘మామిడి రైతుకు దెబ్బ’ అంటే చాలు.

పార్టిసిపుల్‌ను తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘బడింది’ వాడవచ్చా?

వ్యాకరణం ఒప్పుకుంటుంది, చెవి ఒప్పుకోదు. ‘దుంగలు స్వాధీనం చేసుకోబడ్డాయి’, ‘దర్శనాలు రద్దు చేయబడ్డాయి’ అని తిరుపతిలో ఏ ఇంట్లోనూ ఎవరూ అనరు. ‘బడు’ కొన్ని మాటల్లో సహజంగా కలిసిపోయింది. పట్టుబడ్డాడు, బయటపడింది, కనబడింది, వెలువడింది అన్నప్పుడు ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. వాటిని నిశ్చింతగా వాడండి. ప్రతి క్రియకూ ‘బడు’ తగిలించడమే అసలు తప్పు.

తెలుగుకు ఇంతకన్నా మంచి దారులు చాలా ఉన్నాయి. మొదటిది కర్తను చెప్పకుండా బహువచన క్రియ వాడటం. ‘దొంగను పట్టుకున్నారు’, ‘రోడ్డు మూసేశారు’, ‘పింఛను ఆపేశారు’. ఎవరు అన్నది వాక్యంలో లేకపోయినా ఎవరో మనుషులు చేశారన్న సంగతి మిగిలి ఉంటుంది. కర్త తెలియకుండా ఇంగ్లీషు పార్టిసిపుల్ చెప్పే అర్థానికి అతి దగ్గరి తెలుగు ఇది.

రెండోది ‘అవు’ క్రియ. ఎన్నికయ్యారు, నియమితులయ్యారు, నోటిఫికేషన్ విడుదలైంది, కేసు నమోదైంది. మూడోది ‘గురి’, ‘పాలు’ వంటి మాటలు. దాడికి గురయ్యాడు, ఆస్పత్రి పాలయ్యారు. ఇంగ్లీషులో ‘అన్’ చేర్చి చెప్పే పార్టిసిపుల్‌కు మన దగ్గర చక్కని నుడికారం ఉంది. ‘మరమ్మతుకు నోచుకోని వంతెన’ అంటే ఇంగ్లీషు ‘అన్‌రిపేర్డ్’ చెప్పలేని బాధ కూడా అందులో పలుకుతుంది.

శీర్షికలకైతే క్రియే అక్కర్లేదు. ఇంగ్లీషు సబ్ ఎడిటర్ పార్టిసిపుల్‌తో చేసే పనిని తెలుగు సబ్ ఎడిటర్ నామవాచకంతో చేస్తాడు. ‘బ్రేక్ దర్శనాలు రద్దు’, ‘పరీక్షలు వాయిదా’, ‘దుంగలు స్వాధీనం’, ‘ఇద్దరి అరెస్టు’. రద్దు, వాయిదా, జప్తు, దాఖలు, జారీ, ఖరారు, మంజూరు, బర్తరఫు. కచేరీల, అంటే ప్రభుత్వ కార్యాలయాల భాషగా అరబ్బీ, పారసీల నుంచి వచ్చి తెలుగులో స్థిరపడిన మాటలివి. రెండు నుంచి నాలుగు అక్షరాల్లో ఒక వాక్యం బరువు మోస్తాయి. ఇంత చిక్కగా చెప్పగల పదసంపద చేతిలో ఉండగా ‘చేయబడింది’ వైపు వెళ్లడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

2023లో అలిపిరి నడకదారి పక్కన బోనులు పెట్టి చిరుతలను పట్టుకున్న రోజులు గుర్తు తెచ్చుకోండి. ఇంగ్లీషులో ‘ట్రాప్డ్’ అన్నారు. తెలుగులో అందరి నోటా వచ్చింది ‘బోనులో చిక్కిన చిరుత’. ‘బంధించబడిన చిరుత’ అని ఏ భక్తుడూ అనడు.

ప్రెస్‌నోట్లలో ‘చేయడం జరిగింది’ అని ఉంటుంది. దాన్ని అలాగే వేయవచ్చా?

వేయవద్దు. ‘సమావేశం నిర్వహించడం జరిగింది’, ‘చర్యలు తీసుకోవడం జరుగుతుంది’ అనేవి కార్యాలయాల ఇంగ్లీషు తెలుగు లిపిలోకి దిగిన రూపాలు. ఇంగ్లీషులో ‘హ్యాజ్ బీన్’తో బాధ్యుడు మాయమైనట్టే ఇక్కడ ‘జరిగింది’తో మాయమవుతాడు. అధికారి చర్య తీసుకుంటానని మాటిచ్చాడా, తీసుకోవాలని మరొకరికి చెప్పాడా, ఊరికే ఆశాభావం ప్రకటించాడా? ఫోను చేసి అడగండి. ‘తీసుకుంటామని తహసీల్దారు చెప్పారు’ అని పేరో హోదానో పెట్టి రాయండి. రేపు చర్య తీసుకోకపోతే పాఠకుడు ఎవరిని అడగాలో తెలుస్తుంది.

‘బర్న్ట్’, ‘బ్రోకెన్’ అని ఉన్నప్పుడు ‘కాలింది’ అనాలా, ‘కాల్చారు’ అనాలా?

ఈ ప్రశ్నకు జవాబు ఇంగ్లీషు కాపీలో దొరకదు. సంఘటన స్థలంలో దొరుకుతుంది. ఇంగ్లీషు పార్టిసిపుల్ దానంతట అది జరిగిన దాన్నీ, ఒకరు కావాలని చేసిన దాన్నీ ఒకే రూపంలో చెప్పగలదు. తెలుగు క్రియలు ఆ రెండింటినీ విడదీస్తాయి. కాలింది, కాల్చారు. విరిగింది, విరిచారు. తెగింది, తెంచారు. మునిగింది, ముంచారు. పగిలింది, పగలగొట్టారు. చెరువు కట్ట ‘బ్రీచ్డ్’ అన్నారనుకోండి. తెగిందా, గండి కొట్టారా? మొదటిది వాన, రెండోది కేసు. ఏది రాసినా మీరు ఒక నిర్ణయం తీసుకున్నట్టే. పాలసముద్రంలో పూరిల్లు కాలితే షార్ట్ సర్క్యూటో, పాత కక్షో తెలుసుకోకుండా ‘కాల్చేశారు’ అని రాస్తే ఊళ్లో రెండు కుటుంబాల మధ్య మీరే నిప్పు పెట్టినవారవుతారు.

తెలియనప్పుడు ‘పూరిల్లు దగ్ధం’ అని శీర్షిక పెట్టి, కారణం పోలీసులు ఇంకా చెప్పలేదని వార్తలో రాయండి. ‘దగ్ధం’ ఎవరి మీదా నింద వేయదు.

డిటెయిన్డ్, అరెస్టెడ్, బుక్డ్, చార్జ్డ్, కన్విక్టెడ్: వీటిని కలిపి వాడేస్తే ఏమవుతుంది?

ఒక మనిషి పరువు పోతుంది. ఈ పేజీలో ఏ ఒక్క జవాబైనా రెండుసార్లు చదవాలనుకుంటే ఇది చదవండి.

‘బుక్డ్’ అంటే కేసు నమోదైంది, అంతే. అరెస్టు జరిగి ఉండకపోవచ్చు. మన ఊళ్లో వసతి గది బుక్ చేయడం రోజూ వినే మాట కాబట్టి కొత్తవారు ఈ అర్థం దగ్గర తడబడతారు. ‘డిటెయిన్డ్’ అంటే అదుపులోకి తీసుకున్నారు. విచారించి వదిలేయవచ్చు కూడా. ‘అరెస్టెడ్’ అంటే చట్టప్రకారం అరెస్టు చూపించారు. రాజ్యాంగం 22వ అధికరణ ప్రకారం అరెస్టు చేసిన మనిషికి కారణం చెప్పాలి, ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అందుకే అదుపులోకి తీసుకున్న వేళ, అరెస్టు చూపిన వేళ వేరైతే ఆ తేడాయే వార్త కావచ్చు. రెండింటికీ ‘అరెస్టు’ అని రాసేస్తే ఆ వార్తను మీ చేత్తో మీరే చెరిపేసినట్టు.

ఎర్రచందనం కేసుల్లో ఇంకో మెలిక ఉంది. శేషాచలం అడవుల్లో దుంగలు నరికి తరలించేవారిపై 1986 నాటి పీడీ యాక్టు ప్రయోగిస్తుంటారు. ఆ చట్టం కింద ‘డిటెయిన్డ్’ అంటే స్టేషన్‌లో కూర్చోబెట్టడం కాదు. విచారణ లేకుండా ఏడాది దాకా జైల్లో ఉంచగల ముందస్తు నిర్బంధం. అక్కడ ‘అదుపులోకి’ అని రాస్తే చాలా తక్కువ చెప్పినట్టవుతుంది, ‘పీడీ యాక్టు కింద నిర్బంధం’ అనాలి.

‘చార్జ్డ్’ దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్ నుంచి వచ్చిన కాపీలో పోలీసులు ఒకరిని ‘చార్జ్డ్’ అంటే అధికారికంగా అభియోగం మోపారని అర్థం. మన దగ్గర పోలీసులు అభియోగపత్రం దాఖలు చేస్తారు, ఆపైన అభియోగాలు ఖరారు చేయాలా వద్దా అన్నది కోర్టు తేలుస్తుంది. రెండూ వేర్వేరు మెట్లు. ‘కన్విక్టెడ్’ అంటే కోర్టు దోషిగా తేల్చింది. ఆ మాట వినబడేదాకా ‘నిందితుడు’ అనే రాయాలి. ‘దొంగలు అరెస్టు’, ‘హంతకుడు అరెస్టు’ అని శీర్షిక పెట్టే అలవాటు మన పత్రికల్లో పాతుకుపోయింది. పాతుకుపోయినంత మాత్రాన అది న్యాయం కాదు. ‘చోరీ కేసులో ఇద్దరి అరెస్టు’ అంటే చోటేమీ ఎక్కువ పట్టదు.

‘సీజ్డ్’ అంటే స్వాధీనం. ‘కాన్‌ఫిస్కేటెడ్’ అంటే జప్తు, అధికారిక ఉత్తర్వుతో ప్రభుత్వపరం కావడం. పోలీసులు తనిఖీలో పట్టుకున్న లారీ స్వాధీనమైంది, ఇంకా జప్తు కాలేదు.

‘ఫైవ్ ఫియర్డ్ డెడ్’ అంటే ఎవరు భయపడుతున్నట్టు?

ఎవరూ కాదు, అందరూ. ఫియర్డ్, బిలీవ్డ్, సస్పెక్టెడ్, అలెజ్డ్, రిపోర్టెడ్ అనే పార్టిసిపుల్స్ వార్త ఎంత ఖాయమో చెప్పే గుర్తులు. ‘అయిదుగురు మరణించారని భయపడుతున్నారు’ అని మాటకు మాట పెడితే తెలుగు కాదు. ‘అయిదుగురు మృతి చెంది ఉంటారని అనుమానం’ అనాలి. ఎవరి అనుమానమో కూడా చెప్పగలిగితే మంచిది. అగ్నిమాపక సిబ్బందిదా, ఊరివారిదా అన్నది ముఖ్యం.

‘అలెజ్డ్’ అన్న చోట ‘ఆరోపణ’ తప్పకుండా రావాలి. ఇంగ్లీషు కాపీలో ఆ మాట ఉండి తెలుగు కాపీలో మాయమైతే, మూలంలో ఒకరు చేసిన ఆరోపణ మీ వార్తలో నిజమైపోయింది. డెస్కులో తొందరలో తీసేసే మొదటి మాట ఇదే. ఇది మాత్రం ఎప్పుడూ తీసేయకండి.

‘అరెస్టు చేసిన వ్యక్తి’ అని రాస్తే సరిపోతుందా?

సరిపోదు. ఇంగ్లీషులో ‘అరెస్టెడ్ మ్యాన్’ అంటే అరెస్టయినవాడే. తెలుగులో ‘అరెస్టు చేసిన వ్యక్తి’ అంటే అరెస్టు చేసిన ఇన్‌స్పెక్టరూ కావచ్చు, అరెస్టయినవాడూ కావచ్చు. మన ‘చేసిన’ రెండు వైపులా తిరుగుతుంది. ‘పోలీసులు అరెస్టు చేసిన వ్యక్తి’ అని కర్తను ముందు పెట్టండి, లేదా ‘అరెస్టయిన వ్యక్తి’ అనండి. ‘దాడి చేసిన మహిళ’, ‘మోసం చేసిన వ్యాపారి’ వంటి చోట్ల ఇంకా ప్రమాదం. ఇంగ్లీషులో ఆమె బాధితురాలైతే ‘దాడికి గురైన మహిళ’ అని తప్ప ఇంకోలా రాయకూడదు.

‘ఘాట్ రోడ్ క్లోజ్డ్’ అంటే ఇప్పుడు మూసి ఉందా, నిన్న మూశారా?

పార్టిసిపుల్‌కు సొంతంగా కాలం లేదు. పోయిన సహాయక క్రియ ‘ఈజ్’ కావచ్చు, ‘వాజ్’ కావచ్చు. సాధారణంగా శీర్షికలో పార్టిసిపుల్ ఒక్కటే ఉంటే జరిగిపోయిన పని, ముందు ‘టు బీ’ ఉంటే జరగబోయేది. అయినా మన ఊళ్లో ఆ సాధారణం మీద ఆధారపడకూడదు. 2021 నవంబరు వానలకు తిరుమల ఘాట్ రోడ్లలో కొండచరియలు విరిగిపడ్డ రోజుల్లో, కొండకు వెళ్లే దారి తెరిచి ఉందా లేదా అన్నది ఊరి బయట దారిలో ఉన్న వేలమందికి ఆ గంటలో కావలసిన సమాచారం. గ్రహణం రోజున తిరుమల ఆలయం తలుపులు మూసి ఉంచే వార్త కూడా అంతే. మూసివేశారు, మూసి ఉంది, మూసివేస్తారు, తిరిగి తెరిచారు. ఈ నాలుగింటిలో ఏదో తేల్చుకుని, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకానో రాయాలి.

‘ది అక్యూజ్డ్’కు బహువచనం ఏది?

అదే. ఒక్కరైనా పదిమందైనా ‘అక్యూజ్డ్’, చివర ‘ఎస్’ చేరదు. ‘ఇంజూర్డ్’, ‘డిసీజ్డ్’ కూడా అంతే. అందువల్ల ఇంగ్లీషు కాపీ చూసి ఎంతమందో చెప్పలేం. పక్కన ‘వాజ్’ ఉందా ‘వర్’ ఉందా చూడండి. తెలుగులో నిందితుడు, నిందితులు, క్షతగాత్రులు, మృతురాలు అని వచనం, లింగం రెండూ చెప్పక తప్పదు కాబట్టి ఊహించి రాయవద్దు.

రిటైర్డ్, ఎస్కేప్డ్, ఫాలెన్: వీటిలో పని ఎవరి మీద జరిగింది?

ఎవరి మీదా జరగలేదు. కర్మ అక్కర్లేని క్రియల నుంచి వచ్చిన పార్టిసిపుల్స్ ఇవి. పని చేసింది ఆ మనిషే, ఆ చెట్టే. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, తప్పించుకున్న ఖైదీ, కూలిన చెట్టు.

అన్ని చోట్లా కర్తను వెతకాల్సిందేనా?

అక్కర్లేదు. చరిత్ర చెప్పే చోట ‘ఏర్పడింది’ చాలు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో ఏర్పడింది, తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. ఇక్కడ కర్త లేకపోవడం ఎవరినీ దాచదు. కానీ జిల్లా కేంద్రం ఎంపిక మీద వివాదం గురించి రాస్తుంటే ‘ప్రభుత్వం నిర్ణయించింది’ అనాలి. డబ్బు, శిక్ష, నష్టం, మాట తప్పడం ఉన్న ప్రతి వాక్యంలో కర్త కోసం వెతకండి.

వాక్యం పార్టిసిపుల్‌తో మొదలైతే ఎలా చదవాలి?

కామా తర్వాత వచ్చే మొదటి నామవాచకానికే అది చెందుతుందని నియమం. రాసేవారు ఈ నియమాన్ని తరచుగా తప్పుతారు. ‘స్ట్రాండెడ్’ అని మొదలుపెట్టి, కామా తర్వాత ఆర్టీసీ యాత్రికులను చేరవేసిందని రాస్తే, వ్యాకరణం ప్రకారం దారిలో చిక్కుకున్నది ఆర్టీసీ. చిక్కుకున్నది యాత్రికులని మీకు తెలుసు కాబట్టి తెలుగులో ‘దారిలో చిక్కుకున్న యాత్రికులను ఆర్టీసీ చేరవేసింది’ అని సరిచేసుకోండి.

‘హంగ్’, ‘హ్యాంగ్డ్’ రెండూ సరైనవేనా?

ఫొటో, తోరణం ‘హంగ్’. మనిషికి ఉరి ‘హ్యాంగ్డ్’. అలాగే శంకుస్థాపన జరిగితే రాయి ‘లెయిడ్’. ‘లెయిన్’ అన్నది పడుకుని ఉండటానికి, ‘లైడ్’ అన్నది అబద్ధమాడటానికి. ‘బర్న్ట్’, ‘బర్న్డ్’ రెండూ చెల్లుతాయి. మన దేశపు పత్రికలు బ్రిటిష్ పద్ధతిలో ‘గాట్’ అంటాయి, అమెరికా ఏజెన్సీ కాపీలో ‘గాటెన్’ కనిపిస్తుంది.

అరెస్టు వార్త వేశాం. ఏళ్ల తర్వాత కోర్టు ‘అక్విటెడ్’ అంది. ఇప్పుడు ఏం చేయాలి?

‘అక్విటెడ్’ అంటే విచారణ జరిపి నిర్దోషిగా ప్రకటించారు. ‘డిశ్చార్జ్డ్’ అంటే విచారణ దాకా వెళ్లకముందే కేసు నుంచి తప్పించారు. ‘బెయిల్డ్’ ఈ రెండింటిలో ఏదీ కాదు, బయటికి వచ్చినా కేసు నడుస్తూనే ఉంటుంది. అరెస్టు వార్తకు ఏ పేజీలో ఎంత చోటిచ్చారో నిర్దోషిత్వానికీ అంత చోటివ్వండి. వెబ్‌సైటులో పాత వార్త ఇంకా ఉంటే, దాని పైన తీర్పు తేదీ, కోర్టు పేరుతో ఒక వాక్యం చేర్చమని డెస్కుకు రాతపూర్వకంగా పంపండి. చిత్తూరు, తిరుపతి కోర్టుల్లో తీర్పు వచ్చిన రోజున న్యాయవాది దగ్గర తీర్పు ప్రతి అడిగి తీసుకోండి. ‘అక్విటెడ్’ పక్కన ‘బెనిఫిట్ ఆఫ్ డౌట్’ అని ఉంటే దాన్ని ‘సంశయ లాభం’ (నేరం రుజువులో సందేహం మిగిలితే నిందితుడికి దక్కే లాభం) అని రాయండి. అది కూడా నిర్దోషి అన్న తీర్పే కాబట్టి శీర్షికలో ‘నిర్దోషి’ అనే పెట్టండి.